ఎడమ మలుపు

వింగ్ కమాండర్ బొల్లిముంత జయంత్ వాయుసేన నుంచి విడుదల కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు మూడోసారి కూడా తిరిగొచ్చింది. ‘సర్వీసు అవసరాల దృష్ట్యా’ అన్న అదే వాక్యం, కింద అదే సంతకం. అతను యుద్ధవిమానాలు నడపడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. హైదరాబాదు కేంద్రంగా ఉద్యోగం ఇస్తామన్న ఒక విమానయాన సంస్థ అప్పటికే రెండుసార్లు గడువు పెంచింది. మూడోసారి పెంచేలా లేదు.

ఆ ఏడాది దళం నుంచి పైలట్లు వరసగా వెళ్లిపోతుంటే పైవాళ్లు బెంబేలెత్తిపోయారు. యుద్ధవిమానం మీద చెయ్యి తిరగడానికి పది పన్నెండేళ్లు పడుతుంది. తిరిగిన చేతుల్ని ప్రయాణికుల విమానాలు పట్టుకుపోతున్నాయి. అందుకని దరఖాస్తుల్ని తొక్కిపట్టడం తప్ప వాళ్లకు వేరే దారి తోచలేదు.

“ఈసారేమన్నారు?” అని అడిగింది మృదుల. ఎడారి అంచున ఉన్న ఆ స్థావరంలోని ఇల్లు, బదిలీల్లో వాళ్లకు పదో క్వార్టరు. ఆమె లెక్కల టీచరు. ఏ బళ్లోనూ మూడేళ్లు పాఠం చెప్పలేదు. కూతురు ఆమని ఏడో తరగతికి ఆరో స్కూల్లో ఉంది.

“అదే మాట.”

“ఆమని ఇప్పుడు స్నేహితులెవరూ వద్దంటోంది జయంత్. చేసుకోవడం ఎందుకు, మళ్లీ వెళ్లిపోతాంగా అంటోంది.”

అతను తిరిగొచ్చిన కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. వెళ్లిపోవాలన్న కోరికకు భార్య, కూతురు నిజమైన కారణాలే. అందరికీ అవే చెప్పాడు. ఇంకో కారణం ఉంది. దాన్ని భార్యకు కూడా చెప్పలేదు.

నెల తిరక్కుండా స్థావరం అధిపతి పిలిపించి కొత్త మార్గం చూపించాడు. బెంగళూరులోని ఒక ప్రయోగశాల కొత్త పద్ధతి కనిపెట్టిందట. దాని పేరు ‘హస్తవాసి’. వెళ్లిపోయే పైలట్ మూడు వారాలు అక్కడ ఉండి తన చేతి నైపుణ్యాన్ని ఇచ్చేస్తే, ఆఖరి రోజున విడుదల కాగితం చేతికిస్తారు.

“ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది సార్?”

“నీది నీకే ఉంటుంది. దీపం నుంచి దీపం వెలిగించుకున్నట్టు. కుర్రవాళ్లు పదేళ్లలో నేర్చుకునేది పది వారాల్లో వచ్చేస్తుంది. నువ్వు వెళ్లొచ్చు, నీ చెయ్యి ఇక్కడుంటుంది.”

జయంత్ ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు.

*

ప్రయోగశాలను నడిపే డాక్టర్ వరూధినికి యాభై దాటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. జయంత్ తలకు సన్నటి తీగలు అల్లిన టోపీ తొడిగి, రెండు ముంజేతులకూ పట్టీలు చుట్టి, అచ్చం కాక్‌పిట్‌లా ఉన్న పెట్టెలో కూర్చోబెట్టింది. ఎదుట తెరమీద కొండలు, లోయలు, మబ్బులు. రోజుకు ఆరు గంటలు ఎగరాలి. చెయ్యి కదిలే ముందు మెదడులో పుట్టే అలల్ని టోపీ పట్టుకుంటుంది. అవే అలల్ని మెల్లమెల్లగా కొత్త పైలట్ మెదడుకు అలవాటు చేస్తారు. కొన్నాళ్లకు ఆ చెయ్యి ఆలోచించకుండానే ఈ చేతిలా కదులుతుంది.

“నేను ఆలోచించేవి కూడా వెళ్తాయా?” అన్నాడు మొదటిరోజు.

“వెళ్లవు. ఆలోచన మాకు అందదు. ఆలోచన అవసరం లేకుండా మీ చెయ్యి చేసేదే మాకు అందుతుంది.”

జయంత్ ముంజేతుల పట్టీల వంక చూసుకున్నాడు.

ఆరేళ్ల కిందట ఈశాన్య కొండల్లో రెండు విమానాల జంట సాధనలో అతను ముందున్నాడు. ఎడమపక్క కాస్త వెనకగా అతని స్నేహితుడు ఇంతియాజ్ ఉన్నాడు. అకాడమీలో ఒకే గదిలో ఉన్నవాళ్లు. లోయలో జయంత్ ‘ఎడమకు’ అని రేడియోలో చెప్పాడు. ఇంతియాజ్ తిరిగాడు. అక్కడ కొండ వాలు ఇంకా అయిపోలేదు; విమానం దానికి గుద్దుకుని ఇంతియాజ్ పోయాడు. విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. మబ్బు, వెలుతురు, నేల ఆనవాలు దొరక్కపోవడం అని రాశారు. అర సెకను ఆగి చెప్పి ఉంటే ఇంతియాజ్ దాటిపోయేవాడని జయంత్‌కు మాత్రం తెలుసు.

అప్పటినుంచీ నేలకు దగ్గరగా ఎడమకు తిరగాల్సి వచ్చినప్పుడల్లా అతని చెయ్యి అర సెకను ఆగిపోతుంది. ఎంత ప్రయత్నించినా పోలేదు. వైద్యులకు చెబితే విమానాల నుంచి దించేస్తారు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. మలుపు వస్తుందనగానే ‘ఇప్పుడు’ అని అర సెకను ముందే మనసులో అనుకునేవాడు. చెయ్యి ఆగేది, ఆగి సరిగ్గా సమయానికే తిరిగేది. బయట చూసేవాళ్లకు మలుపు నిఖార్సుగా కనిపించేది. కానీ ఎంతకాలం? ఏదో ఒకరోజు మనసు ముందుగా అనుకోవడం మరచిపోతుంది. ఆ రోజు రాకముందే వెళ్లిపోవాలని అతని తాపత్రయం.

రెండో వారం చివర వరూధిని ఒక గ్రాఫు తెచ్చి అతని ముందు పరిచింది.

“జయంత్ గారూ, ఇది చూడండి. కుడి మలుపుల్లో గీత సాఫీగా ఉంది. ఎడమ మలుపుల్లో, అదీ తక్కువ ఎత్తులో, ఇక్కడ చిన్న ఖాళీ. మీ మలుపు మాత్రం ఆలస్యం కావడం లేదు. ఈ ఖాళీ ఏమిటి?”

చెబితే హస్తవాసి ఆగిపోతుంది, విడుదల ఆగిపోతుంది. ఆ మాట రికార్డులోకి ఎక్కి, రేపు ప్రయాణికుల విమానం నడిపే లైసెన్సు కూడా రాదు. ఇదంతా అతనికి ఒక్క క్షణంలో తోచింది.

“అది నా పద్ధతి డాక్టర్. ఎడమకు తిరిగేముందు పట్టు సరిచూసుకుంటాను.”

“అంతేనా?”

“అంతే.”

ఆమె గ్రాఫు వంక ఇంకాసేపు చూసింది. పై నుంచి ఆమెకూ తొందరగా ఉంది. పదకొండు మంది పైలట్ల విడుదలలు ఈ మొదటి విడత మీద ఆధారపడి ఉన్నాయి. గ్రాఫు మడిచి ఫైల్లో పెట్టేసింది.

ఆఖరి రోజున జయంత్ విడుదల కాగితం అందుకున్నాడు.

*

హైదరాబాదులో కొత్త జీవితం మొదలైంది. ముప్పై ఒక్కేళ్ల కెప్టెన్ పక్కన కో-పైలట్‌గా కూర్చున్నాడు. ఆ కుర్రాడు ఆజ్ఞ ఇస్తూనే “సార్” అనేవాడు, తర్వాత నాలిక కరుచుకునేవాడు. విమానం దాదాపు తనంతట తానే ఎగిరేది. లోపల టీ కప్పు తొణక్కుండా తిరిగే మలుపుల్లో అర సెకనుకు ఏ విలువా లేదు. జయంత్‌కు మొదటి నెలల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తర్వాత ప్రాణం తెరిపిన పడింది.

మృదులకు ఒక బళ్లో పక్కా ఉద్యోగం దొరికింది. మొదటిసారి తన పేరుతో బీరువా ఇచ్చారని ఆ రోజంతా చెప్పుకుంది. ఆమని వరసగా రెండో ఏడు అదే స్కూలుకు వెళ్లింది. ఒక ఆదివారం నలుగురు పిల్లలు ఇంటికొచ్చి గోలగోల చేస్తుంటే మృదుల వంటింటి గుమ్మంలో నిలబడి, “వింటున్నావా జయంత్, ఈ గోల!” అంది. ఆమె కళ్లు చెమర్చడం చూసి, తను చేసింది సరైన పనేననుకున్నాడు.

అతని చెయ్యి అందుకున్నవాళ్లు అయిదుగురు. వాళ్లలో ఒకమ్మాయి సెలవులో హైదరాబాదు వచ్చినప్పుడు అడ్రసు కనుక్కుని మరీ ఇంటికొచ్చింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ పైల రేవతి, పలాస పక్కన కాశీబుగ్గ అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. చేతిలో పెద్ద జీడిపప్పు పొట్లం.

“మా నాన్న పంపాడు సార్. జీడిపప్పు బట్టీలో మేస్త్రీ. ‘నీకు సెయ్యి ఇచ్చిన బాబుకి ఇచ్చిరా’ అన్నాడు.”

మృదుల నవ్వేసింది. రేవతి కాఫీ కప్పు ఎత్తబోతూ ఆగి, “చూశారా మేడం, కప్పు చెవి పట్టుకోవడం మానేశాను. ఇలా అడుగున పట్టుకుంటున్నాను. సార్ కూడా ఇంతే కదా?” అంది. జయంత్ చేతిలో కప్పు అలాగే ఉంది. ముగ్గురూ నవ్వారు.

వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

“సార్, ఒక్క సందేహం. ఎడమకు తిరిగేటప్పుడు ఎందుకో ఒక్కోసారి గాభరా పుడుతుంది. నాకు ఇదివరకు లేదు. మీకేమైనా...”

మృదుల పక్కనే ఉంది. లోపల ఆమని ఏదో పాట పాడుకుంటోంది.

“కొత్తలో అందరికీ ఉంటుందమ్మా. అలవాటైపోతుంది” అన్నాడు జయంత్.

“అంతే అయ్యుంటుంది సార్” అని ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

*

నాలుగు నెలల తర్వాత, ఢిల్లీ నుంచి వచ్చి దిగిన ఒక మధ్యాహ్నం, సిబ్బంది గదిలో టీవీలో వార్త చూశాడు. సాధనలో ఉన్న యుద్ధవిమానం కొండవాలున కూలింది. పైలట్ ఆఖరి క్షణంలో సీటుతో సహా బయటికి ఎగిరి ప్రాణాలతో బయటపడింది. వెన్నెముక దెబ్బతింది. పేరు పైల రేవతి.

జయంత్ తన పెట్టె అక్కడే మరచిపోయి ఇంటికి వెళ్లాడు.

నెలా పదిరోజులకు విచారణ ముగిసింది. పాత స్నేహితుడొకడు ఫోన్లో చెప్పాడు. “యంత్రంలో లోపమేం లేదు. లోయలో ఎడమ మలుపు దగ్గర పిల్ల తటపటాయించింది. అర సెకను. ఆ వేగంలో అర సెకనంటే నూటపాతిక మీటర్లు కదా. భయపడిందని రాశారు. పాపం, ఇంక ఎగరదులే.”

ఆ రోజు నుంచి జయంత్ అన్నం సరిగా తినలేదు. అయినా నోరు విప్పలేదు. చెబితే ఏమవుతుందో ప్రతి ఉదయం ఒకసారి లెక్క వేసుకునేవాడు. లైసెన్సు పోతుంది. అబద్ధం చెప్పినందుకు కేసు కూడా అవొచ్చు. మృదుల బీరువా, ఆమని స్కూలు, ఆదివారాల గోల. రేవతికి జరగాల్సింది ఎలాగూ జరిగిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకునేవాడు. మిగతా నలుగురు ఇంకా ఎగురుతున్నారన్న సంగతి గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని చేసేవాడు. కొళాయి బాగుచేశాడు, బూట్లు తుడిచాడు. అలా మూడు వారాలు గడిపాడు.

నాలుగో వారంలో ఒక ఉదయం మృదుల స్కూలుకు తయారవుతూ ఆగిపోయింది.

“ఆ అమ్మాయి సంగతి విన్న దగ్గర్నుంచి నువ్వు మనిషివి కావు. ఏం జరిగింది?”

“ఏం లేదు.”

“జయంత్, ఇరవై ఏళ్ల కాపురం. నీ ‘ఏం లేదు’ నాకు తెలియదా?”

అప్పుడు చెప్పాడు. ఇంతియాజ్ నుంచి గుమ్మం దగ్గర రేవతి అడిగిన ప్రశ్న దాకా. నిలబడి ఉన్న మృదుల మెల్లగా కుర్చీలో కూర్చుంది. స్కూలు బస్సు హారన్ కొట్టి, కాసేపు చూసి వెళ్లిపోయింది.

“ఆ పిల్ల అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను” అంది చివరికి. “అలవాటైపోతుంది అన్నావు. నిజమేననుకుని నేనూ తలూపాను.”

“చెబితే ఈ ఇల్లు...”

“ఇంటి మీదికి నెట్టకు. మా కోసం వచ్చేశానని అందరికీ చెప్పావు, నేనూ అదే నమ్మాను. ఇప్పుడు మాట దాచడానికీ మేమే కారణమంటే ఒప్పుకోను. ఇంకా నలుగురున్నారన్నావు. వాళ్లు ఇవాళ ఎగురుతున్నారా?”

జయంత్ గోడ గడియారం వంక చూశాడు. పొద్దుటి సాధన మొదలయ్యే వేళ.

“ఆ డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఇప్పుడే. నేనిక్కడే కూర్చుంటాను.”

*

ఆ రోజే మధ్యాహ్నానికి నలుగురినీ విమానాల నుంచి దింపేశారు. మర్నాడు జయంత్ బెంగళూరు వెళ్లి డాక్టర్ వరూధిని ఎదుట అంతా రాసి సంతకం పెట్టాడు. ఆమె కోప్పడలేదు. పాత ఫైల్లోంచి ఆ గ్రాఫు తీసి బల్లమీద పెట్టింది.

“మీరు అర సెకను ముందు అనుకునేవారు. చెయ్యి అర సెకను ఆగేది. రెండూ కలిస్తే సరిపోయేది. మా టోపీకి చెయ్యి అందింది, చేతికి పట్టిన భయమూ అందింది, అనుకోవడం అందలేదు. మీ దగ్గర సగం తీసుకుని పూర్తిగా తీసుకున్నామని సంబరపడ్డాం.” ఆమె వేలు ఆ ఖాళీ మీద ఆగింది. “నాకు అనుమానం వచ్చింది. ఇంకోసారి అడిగి ఉండాల్సింది. అడిగితే పని ఆగిపోతుందని నాకూ తెలుసు.”

“వాళ్ల చేతుల్లోంచి దీన్ని తీసెయ్యొచ్చా?”

“పెట్టడం కనిపెట్టాం. తీయడం ఇంకా తెలియదు. పదేళ్లకైనా తెలుస్తుందేమో.”

హస్తవాసిని ఆపేశారు. ఆ నలుగురినీ నేలమీది పనులకు మార్చారు. ముప్పై ఏళ్లైనా నిండని పిల్లలు. దళం వాళ్లకు మళ్లీ పాత కొరతే మిగిలింది, మళ్లీ దరఖాస్తులు తొక్కిపట్టడం మొదలైంది. జయంత్ లైసెన్సు రద్దయింది. ఉద్యోగం పోయిందని సంస్థ కాగితం పంపించింది. దాన్ని అతను ఒకసారి చదివి మృదులకిచ్చాడు. ఆమె చదివి, మడిచి, “ఆమనికి నేను చెబుతాను” అంది.

విచారణ నివేదికను సవరిస్తామన్నారు కానీ అది ఎప్పటికి అవుతుందో ఎవరూ చెప్పలేదు. రేవతికి ఈ సంగతి ఉత్తరం రాసి తెలియజేస్తామన్నారు.

“ఉత్తరం వద్దు. నేను వెళ్తాను” అన్నాడు జయంత్.

*

పలాస స్టేషన్లో దిగి ఆటోలో కాశీబుగ్గ వెళ్లేసరికి పొద్దున్న పదయింది. వీధి పొడుగునా జీడిగింజలు కాల్చే వాసన. రేవతి తండ్రి సింహాచలం గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వేళ్లు జీడి నూనెకు నల్లబడి ఉన్నాయి.

“రండి బాబూ, కూకోండి. మీరేనా సెయ్యి ఇచ్చిన సారు? ఇంత దూరం వొచ్చినారు.” లోపలికి ఒకసారి చూసి గొంతు దించాడు. “దాంతో కాస్త మాటాడండి బాబూ. నాతో మాటాడటం మానీసింది. బయపడిపోనాదని కాయితం ఇచ్చినారట. సిన్నప్పట్నుంచి సూసినాను, అది బయపడే పిల్లేటండి? ఊళ్లో అందరూ ఏటేటో అంతన్నారు. టీ ఎట్టించి తెస్తాను, ఉండండి.”

రేవతి కిటికీ పక్కన నడుముకు గట్టి పట్టీతో నిటారుగా కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది.

“వద్దమ్మా, కూర్చో.”

“మీ పేరు చెడగొట్టాను సార్. అంత మంచి చెయ్యి ఇచ్చారు. నాకే ధైర్యం చాల్లేదు.”

జయంత్ స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. బెంగళూరులో రాసి ఇచ్చిందంతా దారి పొడుగునా మనసులో వల్లించుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అందులో ఒక్క మాట కూడా రాలేదు.

“ఆ భయం నీది కాదు రేవతీ. నాది.”

ఆమెకు అర్థం కాలేదు. అతను ఇంతియాజ్ గురించి చెప్పాడు. అకాడమీ గదిలో చేసిన అల్లరి నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజు లోయలో వెలుతురు ఎలా ఉందో, రేడియోలో తను ‘ఎడమకు’ అన్నాక ఇంతియాజ్ ‘సరే’ అన్న మాట ఎలా వినిపించిందో, ఆ తర్వాత రేడియో ఎంతసేపు ఖాళీగా ఉందో చెప్పాడు. రేవతి కళ్లు మూసుకుని వింది.

“కొండ కనిపించేది సార్ నాకు” అంది కళ్లు తెరవకుండానే. “ఏ కొండా లేని చోట కూడా. అక్కడ ఏదో అయిపోయిందని అనిపించేది. ఏమయిందో తెలిసేది కాదు. నాకు పిచ్చెక్కుతోందనుకున్నాను.”

“నేను అబద్ధం చెప్పాను. డాక్టరుకు చెప్పాను, మా గుమ్మంలో నీకూ చెప్పాను.”

“మరి మీరెలా ఎగిరారు సార్ ఆరేళ్లు?”

“అర సెకను ముందే ‘ఇప్పుడు’ అనుకునేవాణ్ని. చెయ్యి ఆగినా సమయానికి తిరిగేది.”

రేవతి కళ్లు తెరిచింది. అతని వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని సిద్ధపడి వచ్చాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

“అంతేనా? ముందుగా అనుకోవడం ఒక్కటేనా?”

“అంతే.”

“అది నేను చెయ్యగలిగేదాన్ని సార్.” ఆమె గొంతు చిన్నగా ఉంది. “చాలా తేలిగ్గా చేసేదాన్ని. ఆ రోజు మీ ఇంట్లో ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.”

జయంత్ తల వంచుకున్నాడు. క్షమించమనడానికి వచ్చినవాడు ఆ మాట అనలేకపోయాడు.

సింహాచలం మూడు గ్లాసుల టీతో లోపలికొచ్చాడు. కూతురి బుగ్గల మీద నీళ్లు చూసి గ్లాసులు గబగబా కిటికీలో పెట్టాడు.

“ఏటమ్మా? ఏటైంది?”

“నాది పిరికితనం కాదట నాన్నా” అంది రేవతి. “సార్ ఆ మాట చెప్పడానికే వచ్చారు.”

ముసలాయన రెండడుగుల్లో వచ్చి జయంత్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. “నాను సెప్పలేదేటి? నా పిల్ల బయపడదని సెప్పలేదేటి? బతికించినారు బాబూ. ఈ మాట సెప్పడానికి ఇంత దూరం వొచ్చినారు, మీ సెయ్యి సల్లగుండ!”

జయంత్ రేవతి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె తండ్రికి చెప్పాల్సింది తనేనని అతనికి అర్థమైంది.

“ఆ భయం నాదండీ” అన్నాడు. “నా చేతిలో ఉందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. అడిగినప్పుడు కూడా చెప్పలేదు.”

సింహాచలం కూతురి వంక చూశాడు. తర్వాత తన చేతుల్లో ఉన్న ఆ చేతుల వంక చూశాడు. మెల్లగా వాటిని వదిలేశాడు.